తమలపాకు నాలుక

పాప నోరు పెట్టిన ప్రతిసారీ నా కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయేవి. పళ్లు లేని నోరు అంత నొప్పి పెట్టగలదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు కూడా "మొదట్లో కాస్త చురుక్కుమంటుంది" అని ఊరుకున్నారు. చురుక్కుమనడమంటే పెనం అంచు వేలికి తగలడం. ఇది అది కాదు. తలుపు సందులో వేలు ఉండగా ఎవరో తలుపు మూసి, తీయకుండా అలాగే నొక్కి పట్టుకోవడం. పాప వదిలాక చూసుకుంటే చనుమొన ఒక పక్కకు నలిగి, ఏటవాలుగా, తెల్లగా పాలిపోయి ఉండేది. తరువాత అది పగిలింది. పగిలాక పాప పెదవుల చివర కనిపించే పాలు గులాబీ రంగులో ఉండేవి.

ఇది నొప్పే కాదని ఎవరెవరు అన్నారో, ఏ గదిలో, ఏ కుర్చీలో కూర్చుని అన్నారో నాకు బాగా గుర్తుంది. మరిచిపోవడం మంచిదని మా ఆయన అంటాడు. మంచిదే. అన్నవాళ్లకు.

మొదట అన్నది ఆసుపత్రిలో. పాలిచ్చే తల్లులకు దగ్గరుండి నేర్పడానికి అక్కడ లాక్టేషన్ కన్సల్టెంట్ అని ఒకావిడ ఉంటుంది. ఆవిడ ఒక చెయ్యి తలుపు మీదే ఉంచి, మరో చేతిలో కాఫీ కప్పుతో వచ్చింది. అంత దూరం నుంచి ఆవిడకు కనిపించింది నా మోచెయ్యి, పాప టోపీ. "లాచ్ లుక్స్ బ్యూటిఫుల్!" అంది. లాచ్ అంటే పిల్ల నోటితో చన్ను పట్టుకునే తీరు. నొప్పిగా ఉందన్నాను. "అది నార్మల్ హనీ. యూ ఆర్ డూయింగ్ అమేజింగ్" అని బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయింది. ఈ దేశంలో ఎవరైనా అమేజింగ్ అన్నారంటే ఇక మనతో పని అయిపోయిందని అర్థం. నా కాగితాల్లో లాచ్ బాగుందని రాసుకున్నారు. ఆ తరువాత నేను ఎవరికి ఏం చెప్పినా ఆ కాగితం నాకంటే ముందు మాట్లాడేది.

నోవై అనే ఊళ్లో మా ఇంటికి వచ్చేసరికి డ్రైవ్‌వే నిండా మంచు. మా అత్తగారు తెనాలి నుంచి నెల ముందే వచ్చి ఉన్నారు. మా అమ్మకు వీసా స్లాట్ దొరకలేదు. కాబట్టి పురిటి మంచం దగ్గర అధికారమంతా అత్తగారిదే. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు ఊరుతుందని గ్లాసు కొలిచి ఇచ్చేవారు. పాలిచ్చే ఆడదానికి దాహం ఎలా ఉంటుందో మరిచిపోయారో, గుర్తుండీ ఇవ్వలేదో నాకు తెలియదు. నేను బాత్రూంలో కుళాయి కింద దోసిలి పట్టి తాగేదాన్ని. ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ టీమ్‌ను నడిపే మనిషిని, సొంత ఇంట్లో దొంగతనంగా నీళ్లు తాగాను.

ఏ వేళైనా అదే తంతు. పాప చన్ను పట్టుకునేది, టక్కుమని చప్పుడయ్యేది, జారిపోయేది. మళ్లీ పట్టుకునేది, మళ్లీ టక్కు. తాగి తాగి అలసి నిద్రపోయేది, కాసేపటికే ఆకలితో లేచి ఏడ్చేది. మా అత్తగారు పక్కన కూర్చుని చూసేవారు.

"మేం కన్లేదా? పొలం నుంచి వచ్చి ఇట్టా కూర్చుని అట్టా పాలిచ్చి లేచేవాళ్లం. నువ్వేంటమ్మాయ్, పిల్ల దగ్గరకొస్తే సూది మందు చూసినట్టు చూస్తావ్?"

"అత్తయ్యా, రక్తం వస్తోంది."

"రాకేం చేస్తుంది. ఓర్చుకోవాలి. నీకు ఓర్పు తక్కువ, మొదట్నుంచీ చూస్తున్నాగా."

మొదట్నుంచీ అంటే పెళ్లినాటి నుంచి. ఆ లెక్కలు వేరే ఉన్నాయి, ఇక్కడ తీయను.

మా వాళ్లలో ఒక అలవాటు ఉంది. ఇన్సూరెన్స్ ఉంటుంది, క్లినిక్కు కారులో కాసేపటి దూరమే. అయినా ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా ముందు ఫోన్ వెళ్లేది తెలిసిన తెలుగు డాక్టరుకే. ఆ డాక్టరు "ఏం పర్లేదు" అంటే సగం రోగం తగ్గినట్టు. "చూపించండి" అంటేనే అపాయింట్‌మెంట్. మాకు ఆ డాక్టరు పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే ఆంటీ. చాలా ఏళ్ల క్రితం ఈ దేశం వచ్చి, పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన ఇక్కడ చదువుకునే రోజుల్లో పండగ భోజనాలు ఆవిడ ఇంట్లోనే చేశాడు. మా అత్తగారికి ఆవిడ మాట వేదం. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లల్లో సగం మంది దగ్గులు, విరేచనాలు ఆవిడ ఫోన్‌లోనే వినేశారు. చూసిన దగ్గు ఒక్కటైనా ఉందో లేదో.

ఒకరోజు మధ్యాహ్నం నేను సోఫాలో ఛాతీ మీద ఆచ్ఛాదన లేకుండా, గాలికి పుండ్లు ఆరబెట్టుకుంటూ కూర్చుని ఉండగా అత్తగారు ఆవిడకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. నన్నడగలేదు.

"డాక్టరమ్మగారూ, మా కోడలికి పాలివ్వాలంటే భయమండీ. ఓర్చుకోలేకపోతోంది."

"పాలు పడ్డాయా?"

"పడకేమండీ! వెల్లుల్లి కారం పెడుతున్నా. జాకెట్లు తడిసిపోతున్నాయి."

"మరింకేం? ఈ జెనరేషన్‌కి పెయిన్ టాలరెన్స్ జీరో అండీ. మేం హాస్పిటల్లో రెసిడెన్సీ చేస్తూ ఇద్దర్ని పెంచాం. లాచ్ అంటున్నారు ఇప్పుడు, లాచ్! లాచ్ తలుపుకుంటుందమ్మా, పిల్లకి కాదు."

ఇద్దరూ నవ్వారు. వంటింట్లో కాఫీ కలుపుతున్న మా ఆయన కూడా నవ్వాడు. తరువాత తను నవ్వలేదని వాదించాడు. నవ్వాడు.

నేను ఫోన్ దగ్గరికి వంగి అడిగాను. "ఆంటీ, తాగేటప్పుడు టక్ టక్ మని చప్పుడొస్తోంది. మాటిమాటికీ జారిపోతోంది. నా నిపుల్ నలిగిపోయి బయటికొస్తోంది. ఒకసారి చూస్తారా?"

"గాలి మింగుతోందమ్మా. బర్ప్ చేయించు. బారసాలకి వస్తాగా, అప్పుడు చూస్తాలే. రిలాక్స్."

నేను అన్న ఈ మూడు మాటలనూ గుర్తుంచుకోమని చదివేవాళ్లకు మనవి. ఆవిడ గుర్తుంచుకోలేదు.

ఆ సాయంత్రం లాక్టేషన్ క్లినిక్‌కి వెళ్దామన్నాను. "ఆంటీ పర్లేదన్నారుగా. బయట మంచు పడుతోంది. బారసాల కానీ" అన్నాడు మా ఆయన. అదే మంచులో మర్నాడు క్యాటరింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లి గుత్తివంకాయ కూర రుచి చూసి వచ్చాడు.

మామూలు చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు క్లినిక్‌లోని పిల్లల డాక్టరు పాపను తూచాడు. నోట్లో లైటు వేసి, నాలుక మీద తెల్లటి పూత లేదని చూసి, లైటు ఆర్పేశాడు. నాలుక కింద చూడలేదు. బరువు పెరగాల్సినంత పెరగడం లేదన్నాడు. వచ్చేసారికి పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెడదామన్నాడు. నేను నొప్పి సంగతి ఎత్తితే కాగితం చూసి, "లాచ్ బాగుందని ఉందే" అన్నాడు.

డబ్బా పాలంటే నాకు చులకన లేదు. మా ఆఫీసువాళ్లు ఎంతోమంది వాటితోనే పెరిగి నాకంటే ఎత్తున్నారు. కానీ ఒక్కరు కూడా పిల్ల నోట్లోకి సరిగ్గా చూడకుండా, నా చాతకానితనమని తేల్చి, దానికి విరుగుడుగా డబ్బా ఇస్తామంటే నాకు ఒళ్లు మండింది. అంతకంటే పెద్దది ఇంకొకటి జరుగుతోంది. అది ఎవరికీ చెప్పలేదు. పాప నిద్రలో కాస్త కదిలితే చాలు, నా భుజాలు బిగుసుకుపోయేవి. ఏడుపు మొదలవగానే ఇంకో గదిలోకి వెళ్లి తలుపేసుకోవాలనిపించేది. పుట్టి నెలైనా నిండని నా పిల్లంటే నాకు భయం పట్టుకుంది. అత్తగారు, డాక్టర్లు, మా ఆయన అందరూ పాల గురించే మాట్లాడుతున్నారు. నా చేతుల్లోంచి జారిపోతున్నది మాత్రం పిల్ల.

ఇరవై ఒకటో రోజు బారసాల. బేస్‌మెంట్‌లో బంతిపూల దండలు, ప్లాస్టిక్‌వే, కట్టారు. ఉయ్యాలకు నా పెళ్లి పట్టుచీర చుట్టారు. మా ఇంటి మంచు బూట్లన్నీ గరాజ్‌లోకి తోసేసి అతిథుల చెప్పులకు చోటు చేశారు. నాకు బిగుతు జాకెట్ తొడిగారు. ఆ పుండ్ల మీద జరీ అంచు రాసుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఫొటోల్లో ఆ నవ్వు ఉంది, చూసినవాళ్లు కళగా ఉన్నానంటారు.

మా అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పేరు పెట్టాక బంగారు ఉంగరాన్ని తేనెలో ముంచి బిడ్డ నాలుకకు రాస్తారు. ఏడాది నిండని పిల్లకు తేనె కూడదని నేను అడ్డం పడ్డాను.

"తరతరాలుగా రాస్తున్నాం. ఎవరు పోయారు?" అన్నారు అత్తగారు.

డాక్టర్ ఆంటీ అప్పుడే మెట్లు దిగి వచ్చారు. వంగపండు రంగు పట్టుచీర, మెడలో రెండు వరసల ముత్యాలు. అందరూ లేచి నిలబడ్డారు. "తేనె వద్దండీ. చక్కెర నీళ్లు రాయండి, చాలు" అన్నారు. నేను అంటే మొండితనం. ఆవిడ అంటే వైద్యం. అత్తగారు వెంటనే తేనె గిన్నె తీసి పక్కన పెట్టారు. ఒక్క చుక్క చక్కెర నీళ్లతో ఉంగరం తడిపి, పాప కింది పెదవి కిందికి లాగి, నాలుకకు తాకించారు.

పాపకు తీపి తగిలింది. ఇంకా కావాలని నోరు బార్లా తెరిచి నాలుక చాచబోయింది. చాచలేకపోయింది. నాలుక చివర పైకి లేవబోయి మధ్యలో ఎవరో లోపలి నుంచి దారం కట్టి లాగినట్టు ఆగిపోయింది. పక్కలు రెండూ పైకి లేచాయి, నడుమ నొక్కు పడింది.

"అయ్యో, చూడండి చూడండి, నాలుక తమలపాకులా ఉంది!" అన్నారు అత్తగారు మురిసిపోతూ. "తొడిమ దగ్గర నొక్కినట్టు లేదూ? సరస్వతీ కటాక్షం. మా నాయనమ్మకీ ఇట్టాగే ఉండేదంట."

అందరూ ముందుకు వంగారు. ఫోన్లు పైకి లేచాయి. "సో క్యూట్! హార్ట్ షేప్!" అన్నారెవరో. ఇంకొకసారి రాయమన్నారు, వీడియో తీస్తామన్నారు. ఇంకొకసారి రాశారు. పాప మళ్లీ నాలుక చాచబోయింది, మళ్లీ ఆగిపోయింది.

నేను డాక్టర్ ఆంటీ ముఖం చూస్తున్నాను. ఆవిడ కళ్లు పాప నోటి మీద ఒక్క క్షణం నిలిచాయి. అన్నేళ్లు పిల్లల నోళ్లు చూసిన కళ్లు అవి. ఆ క్షణంలో ఆవిడకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. అయినా ఆవిడ పర్సు తెరిచి వెండి గిన్నె తీసి ఉయ్యాల పక్కన పెట్టి, "అంతా నాయనమ్మ పోలికే" అని భోజనాల వైపు తిరిగారు.

"ఆంటీ, ఆగండి" అన్నాను.

నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

"ఏంటమ్మా?"

"పాప నాలుక ఎత్తి కింద చూడండి."

"చూద్దాంలే తల్లీ. ఫంక్షన్ కానీ. అందరూ ఆకలి మీదున్నారు."

"ఇప్పుడే చూడండి. చేతులు కడుక్కుని రండి."

భోజనాల వైపు నడుస్తున్నవాళ్లు వెనక్కి తిరిగారు. పురోహితుడు కూడా సంచీ సర్దుతున్నవాడల్లా ఆగిపోయాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ప్లీజ్, అందరి ముందూ ఏంటిది?" అన్నాడు. స్పీకర్ ఫోన్‌లో నా చనుమొన గురించి మాట్లాడినప్పుడు తనకు ఈ అందరూ గుర్తుకు రాలేదు.

"చేతులు కడుక్కుని రమ్మని డాక్టరమ్మగారికి చెప్పేంతదానివయ్యావా?" అన్నారు అత్తగారు.

"అయ్యాను."

ఆంటీ వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు. పాపను నేనే ఒళ్లో పట్టుకున్నాను. ఆవిడ చిటికెన వేలు నాలుక కిందికి పోనిచ్చి పక్క నుంచి పక్కకు తిప్పారు. పాప ఆ వేలిని చీకింది. టక్కుమంది. గదిలో అందరికీ వినిపించింది.

"కొంచెం టంగ్ టై ఉంది" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "కింద పొర కాస్త పొట్టిగా ఉంది. చాలామందికి ఉంటుంది."

"దీనివల్లేనా నాకు నొప్పి?"

"ఉండొచ్చు."

"దీనివల్లేనా బరువు పెరగట్లేదు?"

"ఉండొచ్చమ్మా. ఒక్కోసారి."

"మరి ఫోన్‌లో అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ, అందరికీ వినపడేలా, ఎంతో శాంతంగా అన్నారు. "నాలుక సంగతి నువ్వు చెప్పలేదు కదమ్మా."

నేను పాపను ఎత్తుకుని పైకి వెళ్లిపోయాను. చీర విప్పేసి నైటీ వేసుకున్నాను. నాలుక కింద పొరకు చికిత్స చేసే క్లినిక్ వెతికి ఫోన్ చేశాను. మర్నాడు ఉదయం ఎవరో రద్దు చేసుకున్న సమయం ఉందన్నారు, ఇమ్మన్నాను. కింద నుంచి గిన్నెల చప్పుడు వస్తోంది. అతిథులకు తాంబూలం ఇవ్వడానికి నేను దిగలేదు. మా ఆయన తలుపు దగ్గరికొచ్చి, "అమ్మ ఏడుస్తోంది. ఒక్కసారి కిందికొచ్చి ఆంటీకి సారీ చెప్పేయ్, అయిపోతుంది" అన్నాడు.

"రేపు పొద్దున కారు నువ్వు నడుపుతావా, నేను నడపనా?" అని మాత్రం అడిగాను.

నేనే నడిపాను. తను వెనక సీట్లో పాప పక్కన కూర్చున్నాడు.

క్లినిక్‌లో డాక్టరు నా కాగితం చూడలేదు. పాప నోరు చూసింది, తరువాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాలివ్వమని, మొహం దగ్గరగా పెట్టి చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ పాప తాగేటప్పుడు ఒకరు దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పొర కోయడానికి పట్టిన సమయం మా ఆయన సంతకం పెట్టడానికి పట్టిన సమయం కంటే తక్కువ. పాప కెవ్వుమంది. ఒక రక్తపు చుక్క దూదికి అంటుకుంది. వెంటనే పాలు పట్టమన్నారు.

పూర్తిగా నొప్పి లేదని రాస్తే అబద్ధమవుతుంది. పాత పుండ్లు మంటపెట్టాయి. కానీ ఆ నలపడం లేదు. నోరు వెడల్పుగా తెరుచుకుంది, నాలుక ముందుకొచ్చి కింద ఆనింది, గుటక పడింది. గుటక చప్పుడు నేను అంతకుముందు వినలేదు. మా ఆయన, "అది ఏడుపా?" అని అడిగాడు. "తాగుతోంది" అన్నాను. అప్పుడు తను మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పుకోనీ.

కుడివైపు మానడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. నాలుక కింద మళ్లీ అతుక్కోకుండా వేలితో రుద్దాలన్నారు. రుద్దినప్పుడల్లా పాప ఏడ్చేది, అత్తగారు గుమ్మంలో నిలబడి "పసిదాన్ని హింస పెడుతోంది" అని ఇండియాకు వీడియో కాల్‌లో చెప్పేవారు. పాప బరువెక్కింది. బుగ్గలు వచ్చాయి. ఏడిస్తే నా భుజాలు బిగుసుకోవడం మెల్లగా మానేశాయి. ఒకరోజు ఏడుపు వినగానే నేను పరుగెత్తింది పాప వైపని కాసేపయ్యాక గానీ గమనించలేదు.

బరువు పెరగడానికి కారణం వెల్లుల్లి కారమని అత్తగారు తిరుగు విమానం ఎక్కేదాకా చెప్పారు. ఆసుపత్రి వాళ్లకు ఫిర్యాదు రాశాను. మీ అనుభవం మాకు విలువైనదని జవాబొచ్చింది. మళ్లీ రాశాను.

వేసవిలో ఒక స్నేహితుల ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగింది. డాక్టర్ ఆంటీ వచ్చారు. హాల్లో నేను సోఫాలో పాపకు పాలిస్తూ కూర్చున్నాను. కొత్తగా గర్భవతైన ఒకమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని పాలిచ్చే సంగతులు అడుగుతోంది.

"భయపడకమ్మా. అన్నీ వాటంతట అవే సెటిల్ అవుతాయి" అన్నారు ఆంటీ. నా వైపు చెయ్యి చూపించారు. "ఈ అమ్మాయిని చూడు, ఎంత గోల చేసిందో! బారసాల నాడు నేనే కనిపెట్టా. ఇప్పుడు చూడు, హ్యాపీగా."

"సెటిల్ అవ్వలేదు ఆంటీ. కోశారు" అన్నాను.

"అదేలేమ్మా."

"అదే కాదు. ముందు మీకు ఫోన్ చేసి మూడు లక్షణాలు చెప్పాను. బర్ప్ చేయించమన్నారు." ఆ అమ్మాయి వైపు తిరిగాను. "నొప్పెడితే ఎవరికీ ఫోన్ చేయకు. పిల్లని తీసుకుని క్లినిక్‌కి వెళ్లు. నాలుక కింద చూసేదాకా కుర్చీలోంచి లేవకు."

ఆంటీ నవ్వబోయి మానేశారు. "నీకింకా కోపం పోలేదా?"

"పోలేదు."

ఎవరో పులిహోర ఉందని పిలిచారు. ఆంటీ లేచి వెళ్లారు. ఆ అమ్మాయి లేవలేదు. కాస్త జరిగి నా పక్కకు వచ్చి కూర్చుని, "నేను చూడొచ్చా అక్కా?" అని అడిగింది.

కప్పుకున్న కొంగు పక్కకు తీసి, పాప పెదవులు ఎలా విచ్చుకున్నాయో, గడ్డం ఎక్కడ ఆనిందో, గుటక వేసేటప్పుడు చెవి దగ్గర ఎలా కదులుతుందో వేలు పెట్టి చూపించాను. ఆ అమ్మాయి మొహం దగ్గరగా పెట్టి చూసింది. పాప ఒక కన్ను తెరిచి ఎవరా అన్నట్టు ఆమెను చూసి, మళ్లీ తన పనిలో పడింది.